గుమ్మంలో దొర

కర్టెన్ల కొట్టు, వెనక గది
తొలి వానలు

అక్కా,

తిడతావని తెలిసే రాస్తున్నాను. పిల్లిని తెచ్చుకున్నాను.

పిల్లి అంటే నువ్వనుకునే పిల్లి కాదు. ఎత్తుకుంటే ఒక చేతి మీంచి తల, ఇంకో చేతి మీంచి తోక వేలాడతాయి. ఒళ్ళంతా బూడిదరంగు జుట్టు. మెడ చుట్టూ జూలు. చెవుల్లోంచి కూడా కుచ్చులు. నడుస్తుంటే కాళ్ళు కనపడవు, కంబళి తనంతట తనే జరుగుతున్నట్టుంటుంది. నేను దాన్ని దొర అని పిలుస్తున్నాను. పలకదు. దొరలు పిలిస్తే పలుకుతారా?

ఊరి చివర దిక్కులేని జంతువులను పెట్టుకునే షెల్టర్ ఉంది కదా, వాళ్ళు పాత గుడ్డలు కావాలన్నారు. కొట్టులో మిగిలిన ముక్కలన్నీ మూటకట్టి ఇచ్చొద్దామని వెళ్ళాను. లోపల అన్ని పిల్లులూ ఊచల దగ్గరికొచ్చి నా చీర కొంగు లాగుతుంటే, ఇదొక్కటే అటు తిరిగి కూర్చుంది.

"అది ఎవరికీ నచ్చట్లేదండీ," అంది అక్కడ పనిచేసే ఆవిడ. "వయసైంది. రోజూ దువ్వాలి, లేకపోతే జడలు కడుతుంది. పైగా మనిషిని చూడదు, తలుపునే చూస్తుంది. పెంచిన పెద్దావిడ పోయింది. చుట్టం ఎవరో తెచ్చి వదిలేశాడు."

తలుపునే చూస్తుంది అన్నాక నేనింకేమీ అడగలేదు. గుడ్డలు దింపి, అదే ఆటోలో దాన్ని ఎక్కించుకొచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చిన రోజంతా కుట్టు మిషను కింద దూరి కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి తనే బయటికొచ్చి వీధి గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని, కళ్ళు తలుపు గడియ మీద పెట్టి. కాసేపటికి లేచింది. తోక నిటారుగా ఎత్తి, ఎవరో లోపలికొచ్చినట్టు ముందుకెళ్ళి, ఒళ్ళు రాసినట్టు పక్కకి ఒంగింది. అక్కడ ఎవరూ లేరు. తర్వాత వెనక్కి తిరిగి, తలెత్తి పైకి చూసుకుంటూ, రెండడుగులు వేసి ఆగుతూ, మళ్ళీ రెండడుగులు వేసి ఆగుతూ, ఎడమ చేతి గదిలోకి నడిచింది. చిన్నోడి గదిలోకి. మంచమెక్కి సగం చోటు వదిలి పడుకుంది.

రోజూ ఇదే. వాడు "దీపాలు పెట్టేలోగా వచ్చేస్తానే" అని మోపెడ్ తీసిన రోజు నుంచీ ఆ వేళ నాకెలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ తమ్ముడు అలా కనపడకుండా పోయినప్పటి నుంచీ ఫోన్ మోగితే నీకు గుండె జారిపోతుందని ఉత్తరాలే కదా మనకి.

నవ్వకుండా జవాబు రాయి.

చిట్టి


కట్టుడు పళ్ళ లాబ్, భోజనాల వేళ
ముసురు

చిట్టీ,

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు. ఊళ్ళో సగం మంది నవ్వులు నా చేతుల మీదుగానే పోతున్నాయి, నాకు మిగలడానికేముంది? ఇవాళ పొద్దున ఒక పెద్దాయన కట్టుడు పళ్ళు తిరిగి పట్టుకొచ్చాడు, ఇవి పెట్టుకుంటే మాటలు తన గొంతుతో రావట్లేదట. మూడుసార్లు అరగదీశాను. చివరికి వాళ్ళావిడ వచ్చి, "ఆయన గొంతు ఎప్పుడూ అంతే" అని తీసుకెళ్ళింది.

పిల్లిని తెచ్చుకోవడం మంచిదే. ఒక్కదానివే మిషనుతో మాట్లాడుకుంటూ ఉంటున్నావు. కానీ వెల్వెట్ కుట్టే ఇంట్లో అంత జుట్టున్న పిల్లి ఏమిటే? మంగలి కొట్టులో జిగురు డబ్బా మూత తీసినట్టుంది.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. వాడి గది తలుపు దానికోసం తీసి పెట్టకు. ఇప్పటికీ ఆ మంచం మీద దుప్పటి మారుస్తున్నావని నాకు తెలుసు, నువ్వు ఎప్పుడూ రాయకపోయినా. కిందటిసారి వచ్చినప్పుడు చూశాను. ఉతికిన వాసన వస్తోంది. నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇద్దరం ఊరుకున్నాం. ఆ గదిలో వెలుతురు బాగుంటుంది, మిషను అక్కడ వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాను?

పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారు. పిల్లి ఎదురుచూపులకి మనుషులూ రారు. దాన్ని మంచిగా చూసుకో, దువ్వు, మేపు. అది చేసేదానికి అర్థాలు మాత్రం వెతక్కు.

అక్క


కర్టెన్ల కొట్టు
వాన ఆగని వారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే తలుపు వేశాను. దొర ఆ తలుపు ముందు నిలబడింది. అరవలేదు, గీరలేదు. నా వైపు తిరిగి ఒకసారి చూసింది. లోపలికి ఒకణ్ణి పంపి, తనని బయట ఆపేశానన్నట్టు చూసింది. తలుపు తీసేశాను.

డాక్టరు గారి భార్య ముదురు ఎరుపు వెల్వెట్ కర్టెన్లు తిప్పి పంపింది. "ఇవి కర్టెన్లా, మీ పిల్లి చుట్టాలా?" అంది. నిజమే, అన్నిటి మీదా బూడిదరంగు వెంట్రుకలు. టేపు ముక్కలు అంటించి అంటించి తీస్తున్నాను. ఇంకో చోట కర్టెన్లు తగిలించడానికి సాయంత్రం రమ్మన్నారు. ఆ వేళ రానన్నాను. ఎందుకని అడిగితే ఇంట్లో మనిషి ఉన్నారన్నాను. నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

నీతో తప్ప ఎవరితోనూ చెప్పలేను, అందుకని రాస్తున్నాను. ఇప్పుడు నేనూ దొర పక్కన కూర్చుంటున్నాను, గుమ్మానికి ఎదురుగా, చాప మీద. మొదట్లో దాన్నే చూసేదాన్ని. ఇప్పుడు గడియ చూస్తున్నాను. అది లేస్తే నేనూ లేస్తున్నాను. అది పక్కకి ఒంగితే దారిచ్చినట్టు నేనూ జరుగుతున్నాను. మొన్న పొయ్యి దగ్గర నుంచుని "కాళ్ళు కడుక్కుని రారా" అన్నాను. అన్నాక ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా అయిపోయిందంటే, జవాబు వినడానికి నేను గరిటె కూడా కదపలేదు. తర్వాత చూసుకుంటే రెండు కంచాలు పెట్టాను.

ఇది మాత్రం రాయకూడదనుకున్నాను. నిన్న తెల్లారాక వాడి గదిలోకి వెళ్ళాను. దొర మంచం మీద కిటికీ వైపు పడుకుని ఉంది. గోడ వైపు ఖాళీ. దుప్పటి సర్దుదామని ఆ ఖాళీ మీద చెయ్యి వేశాను.

వెచ్చగా ఉంది అక్కా. ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది.

నేను ఆ చెయ్యి తీయలేకపోయాను. చల్లబడేదాకా అక్కడే ఉన్నాను.

చిట్టి


ఇల్లు
కారుతున్న కప్పు కింద, బకెట్టు పక్కన

చిట్టీ,

నీ ఉత్తరం లాబ్‌లో చదివాను. చేతిలో మైనం గట్టిపడిపోయింది, పారేశాను.

వెంటనే బయల్దేరేదాన్ని. వానకి కొండ దారిలో మట్టి జారి బస్సులు ఆపేశారు. దారి ఎప్పుడు తెరుస్తారో తెలీదు. అందుకని కోప్పడాలనుకున్నవన్నీ దాచుకుని, ఒకే ఒక్క సంగతి రాస్తున్నాను. మనసు పెట్టి చదువు.

అది రెండడుగులు వేసి ఆగుతుందని రాశావు. మన చిన్నోడు ఎప్పుడన్నా అలా నడిచాడా? గుమ్మం దాటాడంటే పరుగే. ద్వారబంధానికి తల కొట్టుకోని రోజు లేదు. అమ్మ "ఒరేయ్, నడక నేర్చుకోరా" అని చచ్చేదాకా అంటూనే ఉంది. వాడి పక్కన పిల్లి నడవాలంటే అది కూడా పరిగెత్తాలి.

అది ఎవరి పక్కన నడుస్తోందో నాకు తెలీదు. కానీ మనవాడి పక్కన కాదు. దానికి మనవాడు తెలియనే తెలియదు. ఎవరి ఎదురుచూపునో తెచ్చి నీ ఇంట్లో పెట్టుకున్నావు. ఎవరిదో కనుక్కో. షెల్టర్‌కి వెళ్ళి అడుగు. పెంచిన ఆవిడ పోతే, ఆ ఇంట్లో ఇంకా ఎవరున్నారో అడుగు.

ఇది అక్క పెత్తనం కాదు, బతిమాలుకోవడం అనుకో. నాకు ఇంకొకళ్ళని పోగొట్టుకునే ఓపిక లేదు.

అక్క


కర్టెన్ల కొట్టు
కాస్త తెరిపి

అక్కా,

వెళ్ళాను. నువ్వు చెప్పినందుకు కాదు, ఆ నడక సంగతి చదివాక నిద్ర పట్టక.

షెల్టర్ ఆవిడ దొరని వదిలేసిన మనిషికి నా ముందే ఫోన్ చేసింది. పెద్దావిడ మేనల్లుడట. "మా అత్తయ్య పోయిందని ఎవరన్నారండీ?" అన్నాడు. "మీరే అన్నారు కదా" అంది ఈవిడ. "పోయిందంటే పోవడం కాదండీ, పెద్దవాళ్ళ హోమ్‌కి పోయింది. చూపు తగ్గి మెట్ల మీద పడిపోతుంటే చేర్పించాం. అక్కడ పిల్లిని ఉండనివ్వరు."

ఆ పోవడం అన్న ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో చూడు. బజారుకి పోయినవాడూ పోయినవాడే. చిన్నోడి విషయంలో మనిద్దరం ఇన్నేళ్ళూ ఎంత ఒడుపుగా దాన్ని తప్పించుకుని రాసుకున్నామో.

దొరని మూత ఉన్న బుట్టలో పెట్టుకుని హోమ్‌కి వెళ్ళాను. మేడ మీద, వరండా చివర గది. సన్నటి మనిషి, కుర్చీలో నిటారుగా కూర్చుని రేడియో వింటోంది. నేను ఎవరో చెప్పేలోపే బుట్టలోంచి ఒక శబ్దం వచ్చింది. దొర గొంతు నేను వినడం అదే మొదటిసారి. అంత ఒంటికి అంత సన్నటి గొంతేమిటో. ఆవిడ రేడియో కట్టేసి చేతులు చాచింది. మూత తీస్తే దొర ఒళ్ళోకి ఎక్కి, పిండి పిసికినట్టు ముందు కాళ్ళతో ఆవిడ చీర పిసుకుతూ ఉండిపోయింది.

"బాగా దువ్వుతున్నావమ్మా," అంది వేళ్ళతో మెడ తడిమి. "చెవుల వెనక కూడా జడల్లేవు."

నేను అడిగేశాను. ఇది సాయంత్రం గుమ్మంలో ఎవరికోసం కూర్చుంటుందండీ అని.

"ఇంకా కూర్చుంటోందా?" అంది. "మా ఆయన కోసం. లిఫ్టులు బాగుచేసేవాడు. ఒకసారి లిఫ్టు గుంతలో పడి కుడికాలు దెబ్బతింది. రెండడుగులు వేసి ఆగేవాడు. ఇది ఆయన్ని దాటి వెళ్ళకుండా ఆగి ఆగి నడిచేది. గుమ్మం దాటగానే ఎడమ చేతి గది మాది."

"ఆయన...?"

"పోయాడు. ఆసుపత్రిలో, నా చేతుల్లోనే. నాకు తెలుసు. దీనికి ఎవరు చెప్తారు? ఆయన పోయాక కూడా రోజూ తీసుకొచ్చి మంచం ఎక్కించేది."

"మీకు భయం వేయలేదా?"

"భయమెందుకే? ఆయన ఎంత నెమ్మదిగా నడిచేవాడో నేను మర్చిపోతున్నాను. ఇది మర్చిపోలేదు. చూపు ఉన్నన్నాళ్ళూ కూర్చుని చూశాను."

అప్పుడు ఆ వెచ్చదనం సంగతి చెప్పాను. ఆవిడ నవ్వింది, ఎగతాళిగా కాదు.

"పిచ్చిదానా, పిల్లి ఒక చోటే పడుకుంటుందా? సగం రాత్రి అటు, సగం రాత్రి ఇటు. నువ్వు వచ్చే ముందే జరిగి ఉంటుంది."

అంతే అక్కా. అంత చిన్న సంగతి. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. దయ్యం లేదని తెలిస్తే ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు. నాకు మాత్రం చేతిలోంచి ఏదో లాక్కున్నట్టయింది.

ఆవిడ ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది, "నీకెవరు రావాలి?"

చెప్పాను. మోపెడ్, దీపాల వేళ, అన్నీ. ఆవిడ దొరని దువ్వుతూనే విన్నది.

"ఆయన రాడని నాకు తెలుసు. వస్తాడని దీనికి తెలుసు. మా ఇద్దరికీ నిద్ర పడుతుంది," అంది. "నీకు ఏదీ తెలీదు. నీది మా ఇద్దరి కన్నా కష్టం తల్లీ."

హోమ్ పెద్దని అడిగితే, అప్పుడప్పుడు తీసుకొచ్చి చూపించొచ్చు అన్నాడు. ప్రతి వారం వస్తానని ఆవిడకి మాటిచ్చాను. తిరిగొచ్చాక సాయంత్రం దొర మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. దాని పక్కన ఆగి ఆగి నడిచే ఆ ముసలాయన్ని ఇప్పుడు నేను చూడగలుగుతున్నాను. మనవాడు మాత్రం కనపడటం లేదు. ఇల్లు ఇంత ఖాళీగా ఎప్పుడూ లేదు.

నువ్వేమిటి, కిందటి ఉత్తరం తర్వాత ఒక్క ముక్క కూడా రాయలేదు? దారి ఇంకా తెరవలేదా?

చిట్టి


ఇల్లు
ఎండ వచ్చింది

చిట్టీ,

కూర్చుని చదువు. మిషను దగ్గర కాదు, మంచం మీద.

చినుకు పడితే కారే ఈ ఇల్లు ఎందుకు మారవే అని అడుగుతూ ఉంటావు కదా. పెద్ద లాబ్‌లో మేస్త్రీగా రమ్మంటే ఎందుకు వెళ్ళలేదని కూడా అడిగావు. అలవాటైన చోటు అన్నాను. వాడికి నా అడ్రసు ఇదొక్కటే తెలుసు. నిన్ను గది మూయమని చెప్పిన నేను, ఇల్లంతా తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

ఇంకోటి ఉంది, అది నువ్వు అడగలేదు, ఎందుకంటే నీకు తెలీదు. నేను పని నేర్చుకునే రోజుల్లో, అచ్చు తీయడానికి ఎవరూ నోరు తెరవకపోతే చిన్నోణ్ణి కూర్చోబెట్టాను. గులాబీరంగు ముద్ద నోట్లో నింపితే ఉక్కిరిబిక్కిరై నా వేలు కొరికాడు. ఆ అచ్చులో పోసిన ప్లాస్టర్ పళ్ళు నా దగ్గర ఉన్నాయి. పై వరసలో పన్ను మీద పన్ను. అలా ఉంటే అదృష్టమని అమ్మ మురిసిపోయేది.

వాడు కనపడకుండా పోయాక పోలీసులకి చెప్పాను, నా దగ్గర పళ్ళ అచ్చు ఉందని. ఎక్కడైనా ఊరూ పేరూ లేని మనిషి దొరికితే నన్ను ఆసుపత్రి శవాల గదికి పిలిచేవాళ్ళు. నీకు లాబ్ పని మీద వెళ్తున్నానని రాసినప్పుడల్లా అక్కడికే వెళ్ళాను. అచ్చు తీసి ఆ పళ్ళ పక్కన పెట్టి చూసి, "మావాడు కాదు" అని చెప్పి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చేదాన్ని. సంతోషంతో. ఎవరింటి బిడ్డో లోపల బల్ల మీద ఉంటే, నేను సంతోషపడేదాన్ని. అందుకే నీకు చెప్పలేదు. నువ్వు కూడా అలాంటి సంతోషం పడటం నాకిష్టం లేకపోయింది.

ఈసారి సంతోషం లేదు చిట్టీ.

కొండ దారిలో మట్టి తీస్తుంటే, మలుపు కింద పొదల్లో మోపెడ్ బయటపడింది. బస్సు హారన్ కొడుతుందే, ఆ మలుపు. పక్కనే వాడు ఉన్నాడు. ఇన్నేళ్ళ వానలూ మట్టీ కప్పేసి, ఈ ఏటి వాన బయటపెట్టింది. నన్ను పిలిచారు. సంచీలోంచి అచ్చు తీయకముందే నాకు తెలిసిపోయింది. అయినా తీసి పక్కన పెట్టాను. పై వరస, కింది వరస, అంతా చూశాను. పని పనే కదా. సరిపోయింది.

"అవునా అమ్మా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్. అవునన్నాను. నా గొంతు నాది కాదనిపించింది.

చక్రం నా ఊరి వైపు తిరిగి ఉందట. నా దగ్గరికే బయల్దేరాడేమో. ఎందుకో తెలీదు, ఇక తెలియదు కూడా. పోయిన రోజే పోయాడు. ఆ మాట రాశాను చూడు, చెయ్యి ఆగలేదు. నువ్వు దుప్పటి మార్చిన ప్రతిసారీ, నేను ఇల్లు మారనన్న ప్రతిసారీ, వాడు మన రెండిళ్ళకీ మధ్యలో ఉన్నాడు. వాడి మీదుగానే మనం బస్సుల్లో అటూ ఇటూ తిరిగాం.

ఆసుపత్రి వాళ్ళు వాణ్ణి మనకి అప్పగిస్తారు. నువ్వు వచ్చేదాకా సంతకం పెట్టనన్నాను. ఒక్కదాన్నే తీసుకోలేను. ఇన్నిసార్లూ ఒక్కదాన్నే వెళ్ళాను, ఇక చాలు.

అక్క


కర్టెన్ల కొట్టు
పొద్దున

అక్కా,

మిషను దగ్గరే చదివాను, నువ్వు వద్దన్నా. చదివాక చేతిలో ఉన్న కర్టెను అంచు చివరిదాకా కుట్టాను. దారం తెగ్గొట్టాక గానీ ఏడుపు రాలేదు. తర్వాత చాలాసేపు ఆగలేదు.

నువ్వు ఆ మెట్ల మీద ఒక్కదానివే కూర్చున్నావని తలుచుకుంటే వాడి కన్నా నువ్వే ఎక్కువ కళ్ళ ముందు కదులుతున్నావు. నేను ఇక్కడ గుమ్మంలో చాప వేసుకుని కూర్చుని, నాది పెద్ద కష్టం అనుకున్నాను. నా ఎదురుచూపుని కూడా నువ్వే మోశావు.

నిన్న సాయంత్రం దొర మామూలుగానే గుమ్మంలో కూర్చుంది. దానికి చెప్పడం ఎవరి తరం? నేను వంటింట్లో పని చూసుకున్నాను. అది ఎవరినో వెంటబెట్టుకుని లోపలికి వస్తుంటే, పెద్దాయన కదా అని కాస్త పక్కకి జరిగి దారిచ్చాను. అంతే.

దాన్ని హోమ్‌లో పెద్దావిడ దగ్గర వదిలి వస్తున్నాను. మనం అన్నీ ముగించుకునేదాకా ఉంచుకోవచ్చని హోమ్ పెద్ద ఒప్పుకున్నాడు. సంగతి చెబితే ఆవిడ నా మొహం రెండు చేతులతో తడిమి చూసింది, అంతే.

వాడికి కప్పడానికి గుడ్డ కుట్టాను. తెల్లది కాదు, నీలం. అంచులు మిషను మీద వేయలేదు, చేత్తో కుట్టాను. పొడవు ఎంత కావాలో నిన్ను అడగాలనుకుని, అడగలేక, వాడు నుంచుంటే ఎంత ఉండేవాడో అంత కత్తిరించాను.

బస్సులు తిరుగుతున్నాయట, ఈ ఉత్తరం ఇవాళ్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. రేపు పొద్దుటి బస్సుకి వస్తున్నాను. ఆ మలుపు దగ్గర కిటికీ వైపు కూర్చుంటాను, కళ్ళు మూసుకోను.

బస్టాండుకి రావద్దు. ఇంటి దగ్గరే ఉండు. నేనే వచ్చి తలుపు తడతాను. తట్టగానే పరిగెత్తి రాకు అక్కా. నెమ్మదిగా లేచి, వచ్చింది నేనే అని తెలిసి తియ్యి.

చిట్టి